బ్లూ కట్టా, చుక్కల మందా, వేరే అద్దాలా? స్క్రీన్ ముందు కళ్లు లాగేవాళ్లకు ఏది పనికొస్తుంది

హన్మకొండ చౌరస్తాలో ఏ కళ్లద్దాల షాపుకు పోయి ‘కంప్యూటర్ పని, కళ్లు లాగుతున్నాయి’ అన్నా మొదట వచ్చే జవాబు బ్లూ కట్, అంటే స్క్రీన్ నీలి కాంతిని ఆపుతుందని అమ్మే అద్దం. అదే మాట మెడికల్ షాపులో అంటే చుక్కల మందు చేతిలో పెడతారు. ఇంట్లో అంటే ‘ముందు ఆ ఫోన్ పక్కన పడెయ్’ అంటారు. ముగ్గురిలో ఎవరి మాట వినాలన్నది మీ కళ్లు ఎందుకు లాగుతున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ సంగతి తేల్చుకోకుండా డబ్బు పెడితే అద్దాలూ కొంటారు, చుక్కలూ వేస్తారు, సాయంత్రానికి మళ్లీ కళ్లు నలుపుకుంటారు.

ముందు మీ బాధ ఏదో పట్టుకోండి

స్క్రీన్ వల్ల వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం మూడు దారుల్లో వస్తాయి. ఒకటి, కంటి లోపలి కండరం అలసిపోవడం. దగ్గరి వస్తువు తేటగా కనబడాలంటే కంట్లోని లెన్స్ కాస్త ఉబ్బాలి. అందుకోసం లోపలి సన్నని కండరం, మీరు చూసినంతసేపూ బిగిసే ఉంటుంది. గంటసేపు ఫోన్ చూసి తలెత్తినప్పుడు రోడ్డు అవతలి బోర్డు రెండు మూడు క్షణాలు మసకగా ఉండి తర్వాత తేటపడిందంటే, దాంతోపాటు నుదురు బరువుగా ఉందంటే, మీది ఈ రకం.

రెండోది కన్ను పొడిబారడం. మామూలుగా మనం నిమిషానికి 15 సార్ల దాకా రెప్ప వేస్తాం. స్క్రీన్ మీద ధ్యాస పెడితే అది సగానికి, ఒక్కోసారి మూడో వంతుకు పడిపోతుంది. వేసిన ఆ కొన్ని సార్లు కూడా రెప్ప పూర్తిగా మూతపడదు. ‘నాకు కళ్లలోంచి నీళ్లు కారుతుంటే పొడిబారడం ఏంది?’ అని చాలామంది నమ్మరు. కంటి మీది తడి పొర ఆరిపోయి గరగరలాడితే, ఆ మంట చల్లార్చడానికి కన్ను ఒక్కసారిగా నీళ్లు వదులుతుంది. అవి కంటి మీద నిలవవు, చెంప మీదికి జారిపోతాయి. అక్షరాలు మసకబారినప్పుడు నాలుగైదు సార్లు రెప్పలు నిండుగా మూసి తెరవండి. అంతటితో తేటపడితే గొడవ పవర్‌ది కాదు, తడిది.

మూడోది వెలుతురు. స్క్రీన్ ఆఫ్ చేసి ఆ నల్లటి అద్దంలోకి చూడండి. కిటికీయో, వెనక గోడకున్న ట్యూబ్‌లైటో, మీ తెల్ల చొక్కాయో కనిపిస్తుంది. ఆన్ చేసినా అవి అక్కడే ఉంటాయి. అక్షరాల వెలుగులో మీరు వాటిని గమనించరంతే, కళ్లు మాత్రం వాటిని దాటుకుని చదువుతుంటాయి.

వీటన్నిటికీ అడుగున ఇంకొకటి దాగి ఉండొచ్చు: కొద్దిపాటి సైట్ ఉండి అద్దాలు లేకపోవడం. అర పాయింట్ సిలిండర్ (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోవడం వల్ల వచ్చే పవర్) ఉన్నవాళ్లకు రోడ్డు మీద, పొలంలో ఏ ఇబ్బందీ తెలియదు. రోజుకు ఎనిమిది గంటలు ఎక్సెల్ గళ్లు చూసే ఉద్యోగంలో చేరిన నెలకే తెలిసొస్తుంది. అందుకే కొత్తగా తలనొప్పి మొదలైనవాళ్లు ఏది కొనే ముందైనా పవర్ పరీక్ష చేయించుకోవాలి. ఇందులో నాకు రెండో మాట లేదు.

బ్లూ కట్, ఏఆర్, మామూలు లెన్స్

షాపులో చూపించే ఆ చిన్న తతంగం మీరూ చూసే ఉంటారు. ఒక కార్డు, ఒక ఊదా రంగు లేజర్ పెన్ను. ‘సార్, ఇటు చూడుండ్రి. మామూలు అద్దంల నుంచి లైటు పోతది. ఇగో, బ్లూ కట్ పెట్టిన, ఆగిపాయె.’ నిజంగానే కార్డు మీది మచ్చ మాయమవుతుంది. అందులో మోసమేమీ లేదు. కాకపోతే ఆ పెన్నుల్లో ఎక్కువగా వాడేది 405 నానోమీటర్ల దగ్గరి ఊదా కాంతి. ఎల్‌ఈడీ స్క్రీన్ల నీలి కాంతి ఎక్కువగా ఉండేది 450 దగ్గర. అక్కడికొచ్చేసరికి తెల్లగా కనిపించే బ్లూ కట్ అద్దాల్లో చాలావరకు పదో వంతు నుంచి పావు వంతు దాకా మాత్రమే ఆపుతాయి. అంతకంటే ఎక్కువ ఆపాలంటే అద్దం పచ్చగా, పసుపుగా కనబడాల్సిందే.

ఆపితే మాత్రం లాభమేంటన్నది అసలు ప్రశ్న. వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కోక్రేన్ సంస్థ 2023లో 17 ప్రయోగాలను కలిపి చూసింది. బ్లూ కట్ పెట్టుకున్నవాళ్లకూ మామూలు అద్దాలు పెట్టుకున్నవాళ్లకూ కంటి అలసటలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అమెరికా నేత్రవైద్యుల సంఘం కూడా కంప్యూటర్ కోసం వీటిని సిఫారసు చేయడం లేదు. స్క్రీన్ నీలి కాంతి రెటీనాను (కంటి వెనకున్న పొరను) కాల్చేస్తుందన్న భయం మన దగ్గర మరీ అర్థం లేనిది. మే నెలలో రామగుండం ఎండలో పది నిమిషాలు నిలబడితే కళ్లకు అందే నీలి కాంతి ముందు ల్యాప్‌టాప్ వెలుగు లెక్కలోకి రాదు.

ఇప్పటికే కొని పెట్టుకున్నవాళ్లు తీసి పారేయనక్కర్లేదు, వాటివల్ల హానేమీ లేదు. ఒక్క పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు డిజైన్ చేసేవాళ్లు మాత్రం ఆలోచించాలి. లేత పసుపు ఛాయ ఉన్న అద్దంలోంచి రంగు కుదిర్చితే ప్రింటు వేరేగా వస్తుంది, పార్టీ వచ్చి గొడవ పెట్టుకుంటుంది.

అదే డబ్బు ఏఆర్ కోటింగ్‌కు, అంటే అద్దం మీద వెలుగు మెరవకుండా వేసే పూతకు పెట్టండి. మామూలు ప్లాస్టిక్ లెన్స్ తన మీద పడ్డ వెలుగులో దాదాపు 8 శాతాన్ని వెనక్కి కొడుతుంది. మంచి ఏఆర్ కోటింగ్ ఉంటే అది ఒక్క శాతానికి అటూ ఇటూ దిగుతుంది. వీపు వెనక ట్యూబ్‌లైట్ ఉన్న గదిలో, రాత్రి బండి నడిపేటప్పుడు ఆ తేడా వెంటనే తెలుస్తుంది. పవర్ ఉన్నవాళ్లు ఎలాగూ అద్దాలు చేయించుకుంటారు కాబట్టి ఏఆర్ చేర్చుకోవడం లాభమే. పవర్ అసలే లేనివాళ్లకు స్క్రీన్ కోసమని ఏ అద్దమూ అక్కర్లేదు.

నిద్ర విషయం వేరు. రాత్రి పొద్దుపోయేదాకా వెలుగు చూస్తే నిద్ర వెనక్కి పోతుందన్నది నిజమే. దానికి వెలుగు తగ్గించడం, పడుకునే గంట ముందు ఫోన్ పక్కన పెట్టడం పైసా ఖర్చు లేని పని.

నలభై దాటినవాళ్లు: బైఫోకల్, ప్రోగ్రెసివ్, ఉత్త కంప్యూటర్ అద్దాలు

నా దృష్టిలో జనం ఎక్కువగా బాధపడుతున్నదీ, తక్కువగా మాట్లాడుకుంటున్నదీ ఇదే. నలభై దగ్గర పడ్డాక చత్వారం మొదలవుతుంది. లెన్స్ బిరుసెక్కి దగ్గరికి ఉబ్బలేకపోతుంది. అప్పుడు దగ్గరి అద్దాలు ఇస్తారు. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగులోనూ (తెలంగాణ ప్రభుత్వం ఉచితంగా కంటి పరీక్షలు చేయించిన పథకం), 2023 జనవరిలో మొదలైన రెండో విడతలోనూ మన ఊళ్లలో ఎంతోమందికి ఇలాంటి అద్దాలు అందాయి. పేపర్ చదవడానికి, బియ్యంలో రాళ్లు ఏరడానికి అవి బ్రహ్మాండంగా పనిచేస్తాయి. చిక్కల్లా వాటితోనే కంప్యూటర్ ముందు కూర్చోవడంతో వస్తుంది.

లెక్క చూడండి. పేపర్ పట్టుకునే దూరం సుమారు 40 సెంటీమీటర్లు. ఆ దూరానికి కన్ను, అద్దం కలిసి రెండున్నర పాయింట్ల శక్తి అందించాలి. మానిటర్ 65 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, అక్కడికి ఒకటిన్నర చాలు. అంటే చదివే అద్దం మానిటర్‌కు ఎక్కువవుతుంది. అది తేటగా కనిపించాలంటే మనిషి ముందుకు వంగాల్సిందే.

బైఫోకల్ (పైన దూరానికి, కింద దగ్గరికి రెండు పవర్ల అద్దం) పెట్టుకున్నవాళ్లది ఇంకో అవస్థ. మా వీధిలో డీటీపీ చేసే అన్నను పక్కనుంచి గమనిస్తే సంగతి మొత్తం అర్థమవుతుంది. అద్దం కింది భాగంలో ఉన్న ఆ చిన్న కిటికీలోంచి స్క్రీన్ చూడటానికి గడ్డం పైకెత్తుతాడు, నోరు కొంచెం తెరుచుకుంటుంది, మెడ వెనక్కి విరుగుతుంది. కీబోర్డు పక్కనున్న కాగితం చూడటానికి మళ్లీ కిందికి దించుతాడు. రోజంతా ఇదే. సాయంత్రం మెడ నొప్పి అంటాడు గానీ కళ్ల నొప్పి అనడు. మెడ డాక్టర్ దగ్గర తేలని నొప్పి ఒక్కోసారి కళ్లద్దాల షాపులో తేలిపోతుంది.

ఇలాంటి పనివాళ్లకు నేను చెప్పేది ఉత్త కంప్యూటర్ దూరానికి చేయించిన ఒకే పవర్ అద్దాలు. దగ్గరి పవర్ అదనంగా +2.00 ఉన్నవాళ్లకు స్క్రీన్ దూరానికి అందులో సగం, లేదా కాస్త పైన సరిపోవచ్చు. కచ్చితంగా ఎంతో పరీక్ష చేసేవాళ్లు తేలుస్తారు. ఈ అద్దాలు చవక, స్క్రీన్ అంతా అంచు నుంచి అంచు దాకా తేటగా ఉంటుంది, మెడ తిన్నగా ఉంటుంది. వీటితో మీటరు దాటితే మసక. మీసేవ కౌంటర్లో ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖం కనబడుతుంది, వెనక క్యూలో ఉన్నవాళ్లు మసకమసకగా ఉంటారు. ఇవి పెట్టుకుని బండి ఎక్కకూడదు.

బ్యాంకులోనో ఆఫీసులోనో ఫైలు, స్క్రీన్, ఎదుటి కుర్చీలో మనిషి, మూడూ మారిమారి చూడాల్సినవాళ్లకు ఆఫీస్ లెన్స్ అనేది ఒకటి ఉంది. దగ్గర నుంచి గది అవతల దాకా కవర్ చేస్తుంది, రోడ్డుకు పనికిరాదు. చిన్న షాపుల్లో అడిగితే తెప్పించి ఇస్తారు.

ప్రోగ్రెసివ్ అన్నిటికీ ఒకటే అద్దం. బడిలో పాఠం చెప్పి, మధ్యలో ల్యాప్‌టాప్ చూసి, సాయంత్రం బండి మీద ఇంటికి వచ్చే టీచర్‌కు ఇదే సుఖం. స్క్రీన్ దూరానికి పనికొచ్చే భాగం మాత్రం అద్దం మధ్యలో సన్నని సందులా ఉంటుంది. చవక రకాల్లో అది మరీ ఇరుకు. పెద్ద మానిటర్ మీద రోజంతా పని చేసేవాళ్లు తల ఎడాపెడా తిప్పుతూనే ఉండాలి. ఎక్కువ డబ్బు పెట్టి ప్రోగ్రెసివ్ కొని, కంప్యూటర్ దగ్గర మళ్లీ పాత అద్దాలకే వచ్చినవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు. డబ్బు ఒక్కదానికే ఉందంటే, మీరు ఎక్కువ గంటలు ఏ దూరం చూస్తారో దానికి పెట్టండి.

చుక్కల మందు: సీసా మీద పేరు చదవండి

మెడికల్ షాపులో ‘కళ్లు మండుతున్నాయి’ అంటే చేతికొచ్చే సీసా మూడు జాతుల్లో ఏదైనా కావచ్చు. మూడూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

తడినిచ్చే చుక్కలు మంచివి. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ అనో, సోడియం హయాలురోనేట్ అనో రాసి ఉంటుంది. పొడిబారిన కళ్లకు ఇవి సరైనవే. రోజుకు నాలుగు సార్లకు మించి వేయాల్సి వస్తే ప్రిజర్వేటివ్ (మందు చెడకుండా కలిపేది) లేనివి అడగండి. బెంజాల్కోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్ కలిపినవి మాటిమాటికీ వేస్తే కంటి పైపొరకు అవే చిరాకు పెడతాయి. మామూలు సీసా మూత తీశాక ఎన్నాళ్లు వాడొచ్చో లేబుల్ మీద చూడండి, సాధారణంగా నెల రోజులు.

ఎరుపు తగ్గించే చుక్కలు రెండో రకం. నాఫజోలిన్ లాంటివి కంటి రక్తనాళాలను కుంచించుకుపోయేలా చేస్తాయి. పది నిమిషాల్లో కన్ను తెల్లగా అవుతుంది, మందు దిగాక మునుపటికంటే ఎర్రబడుతుంది. పెళ్లి ఫొటోకు పనికొస్తాయేమో గానీ రోజూ వాడేవి కావు.

భయపడాల్సింది మూడోదాని గురించి. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసోలోన్, వీటిలో ఏ పేరు ఉన్నా అది స్టెరాయిడ్. చాలాసార్లు యాంటీబయాటిక్‌తో కలిపి ఒకే సీసాలో వస్తుంది. వేస్తే మంట, ఎరుపు చేత్తో తీసేసినట్టు పోతాయి. అందుకే జనం దాన్నే మళ్లీ మళ్లీ అడిగి తెచ్చుకుంటారు. నెలల తరబడి వేస్తే కంటి లోపలి ఒత్తిడి పెరిగి, నొప్పి లేకుండానే చూపు నరం దెబ్బతినవచ్చు. శుక్లం కూడా రావచ్చు. డాక్టర్ ఇన్ని రోజులని రాసి ఇస్తే తప్ప ఆ సీసా ముట్టొద్దు. పక్కింటి అక్కకు రాసిందైనా సరే.

తేనె, ఆముదం, చనుబాలు, రోజ్ వాటర్ ఏవీ కంట్లో పోసుకోవద్దు. చల్లటి నీళ్లలో ముంచిన గుడ్డ మూసిన రెప్పల మీద వేసుకుంటే హాయిగానే ఉంటుంది. రెప్పల అంచులు మండుతూ, పొద్దున్నే పుసులు కడుతుంటే మాత్రం గోరువెచ్చని గుడ్డ మేలు. ఐదు పది నిమిషాలు కాపితే అక్కడి నూనె గ్రంథులు తెరుచుకుంటాయి.

ఫోన్, ల్యాప్‌టాప్, టీవీ

‘మా వాడు రోజుకు నాలుగు గంటలు ఆన్‌లైన్ క్లాసు చూస్తాడు’ అన్నప్పుడు నేను మొదట అడిగేది దేంట్లో చూస్తాడని. ఫోన్‌ను ముఖానికి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే కన్ను మూడు పాయింట్లకు పైగా కష్టపడాలి. ల్యాప్‌టాప్‌కు రెండుకు లోపు. రెండు మీటర్ల దూరంలోని టీవీకి అర పాయింట్. అదే క్లాసు, అవే నాలుగు గంటలు, కంటి లోపలి కండరానికి ఆరు రెట్ల తేడా. గ్రూప్స్‌కు చదివేవాళ్లకు తెలంగాణ ప్రభుత్వ టీ-శాట్ నిపుణ, విద్య ఛానళ్లు టీవీలోనే వస్తాయి. మిగతా క్లాసులను కూడా ఫోన్ నుంచి స్మార్ట్ టీవీ మీద వేసుకోవచ్చు. కొత్త ట్యాబ్ కొనాలా అని ఆలోచించేవాళ్లు ఇంట్లో ఉన్న టీవీ వైపు ముందు చూడాలి.

పిల్లల విషయంలో ఇంకో మాట. పగటి వెలుతురులో ఆరుబయట ఆడుకునే పిల్లలకు దూరపు చూపు తగ్గే ముప్పు తక్కువని పరిశోధనలు గట్టిగానే చెబుతున్నాయి. రోజుకు రెండు గంటలు మంచిదంటారు. మన ఎండాకాలంలో పొద్దున, సాయంత్రం పంచుకోవాలి.

ల్యాప్‌టాప్ మీదే పని తప్పదంటే కొత్త మానిటర్ కంటే ముందు ఒక స్టాండు, బయటి కీబోర్డు చాలు. స్క్రీన్ చేయి చాచినంత దూరంలో, పై అంచు కళ్ల ఎత్తుకో కొంచెం కిందికో ఉండాలి. కిందికి చూస్తే కన్ను తక్కువ తెరుచుకుని తక్కువ ఆరుతుంది. బైఫోకల్, ప్రోగ్రెసివ్ వాళ్లు ఇంకాస్త దించుకోవాలి. కిటికీ వెనకా ఎదురుగా కాకుండా పక్కకు ఉండేలా కూర్చోండి. స్క్రీన్ మీది తెల్ల పేజీ బల్బులా మెరిసిపోతే వెలుగు ఎక్కువ, బూడిద రంగు కాగితంలా ఉంటే తక్కువ.

కూలర్ గాలి నేరుగా ముఖానికి కొడుతుంటే ఎన్ని చుక్కలు వేసినా దండగ. కాళ్ల వైపు తిప్పుకోండి.

డార్క్ మోడ్ చీకటి గదిలో హాయి. వెలుతురున్న ఆఫీసులో తెల్ల పేజీ మీద నల్ల అక్షరాలే సులువు. సిలిండర్ ఉన్నవాళ్లకు నల్ల తెర మీది తెల్ల అక్షరాలు చుట్టూ అలుక్కుపోయినట్టు కనబడతాయి.

విరామం: ఇరవై అడుగులు ఎక్కడ వెతకాలి

20 నిమిషాలకోసారి, 20 అడుగుల దూరంలోని వస్తువును, 20 సెకన్లు చూడమనే సూత్రం అందరూ చెప్పేదే. అమెరికాలోని జెఫ్రీ ఆన్షెల్ అనే కంటి నిపుణుడు గుర్తుండటానికి అలా కూర్చాడు. 20 అనే అంకెలో మహిమేమీ లేదు, కండరం వదులు కావడం ముఖ్యం. హన్మకొండ రీడింగ్ రూమ్‌లో ప్లైవుడ్ గడిలో కూర్చుని చదివే కుర్రాడికి ఎదురుగా అడుగున్నర దూరంలో గోడ. తలెత్తితే సిలబస్ కాగితం. అక్కడ 20 సెకన్లు చూస్తే చూసింది దగ్గరి వస్తువునే. లేచి బాల్కనీలోకో మెట్ల దగ్గరికో పోయి వీధి చివర చూడాలి. గంటకోసారి రెండు నిమిషాలు ఇలా లేచేవాళ్లకు, గడిలోనే అలారం పెట్టుకుని తలెత్తేవాళ్లకంటే ఎక్కువ మేలు జరుగుతుందని నా నమ్మకం. పొడిబారే రకం వాళ్లు ఆ రెండు నిమిషాల్లో పది సార్లు రెప్పలు నిండుగా మూసి తెరిస్తే చుక్కల ఖర్చు కొంత తగ్గుతుంది.

కంటి వ్యాయామాలతో అద్దాలు తీసేయిస్తామనే వీడియోలను నమ్మకండి. రెండు కళ్లు దగ్గరికి కలవని కొందరికి డాక్టర్లు నిజంగానే వ్యాయామం ఇస్తారు. అది పరీక్ష చేసి ఇచ్చేది.

పరీక్ష ఎక్కడ

కళ్లద్దాల షాపులో మిషన్ మీద గడ్డం ఆనించి చూసే పరీక్ష పవర్‌కు ఒక అంచనా మాత్రమే. ఆ తర్వాత అద్దాలు మార్చిమార్చి అక్షరాలు చదివించకపోతే ఆ షాపులో చేయించుకోవద్దు. అద్దాలు మార్చాలా వద్దా అన్నంత వరకే అయితే మంచి షాపు చాలు. నలభై దాటితే, షుగర్ ఉంటే, ఇంట్లో ఎవరికైనా గ్లకోమా (చూపు నరం దెబ్బతినే జబ్బు) ఉంటే కంటి డాక్టర్ దగ్గరికే పోండి. కంటి ఒత్తిడి, రెటీనా కూడా చూస్తారు. వరంగల్‌లో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. నిర్మల్ వైపు వాళ్లకు ముధోల్‌లో ఎల్వీ ప్రసాద్ సంస్థ కంటి కేంద్రం ఉంది.

పోయేటప్పుడు పాత అద్దాలు, వాడుతున్న చుక్కల సీసా వెంట తీసుకెళ్లండి. ఇంట్లో టేపుతో మీ కళ్ల నుంచి స్క్రీన్ దాకా ఎంత దూరమో కొలిచి చీటీ మీద రాసుకుపోండి. ‘కంప్యూటర్ చూస్తాను’ అంటే వాళ్లకు ఏమీ తెలియదు, ‘65 సెంటీమీటర్లు, రోజుకు ఎనిమిది గంటలు’ అంటే సరైన పవర్ వేస్తారు.

ఉన్నట్టుండి చూపు తగ్గినా, ఒక వస్తువు రెండుగా కనబడినా, కళ్ల ముందు మెరుపులు, నల్లటి చుక్కలు ఒక్కసారిగా ఎక్కువైనా, కన్ను ఎర్రబడి తీవ్రమైన నొప్పితో దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించినా అది స్క్రీన్ అలసట కాదు. అద్దాల షాపు, మెడికల్ షాపు రెండూ వదిలేసి అదే రోజు కంటి ఆసుపత్రికి పోవాలి.